అమ్మ దొంగచాటుగా చూసిన రెండో భాగం

మా చిన్నతనంలో సినిమా చూడటం ఒక భయం... చూశాక అది బాగుందో లేదో నోరు విప్పి చెప్పడం అంతకన్నా పెద్ద భయం.

కోయిలకుంట్లలో మ్యాట్నీ ఆట. నాకు తొమ్మిదేళ్లు. పక్కన అమ్మ, కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చుంది. నాకు కడుపునొప్పి, ఆసుపత్రికి పోతున్నామని నాయనకు అబద్ధం చెప్పి వచ్చాం.

నాయన మా ఊరి చర్చిలో సంఘపెద్ద. సినిమా చూసినవాళ్ల పేర్లు ఆదివారం అందరి ముందూ చదివేది ఆయనే. వాళ్లకు మూడు నెలలు ప్రభు సంస్కారం ఉండదు. మిగతా అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తుంటే వాళ్లు వెనక చాప మీద తల వంచుకుని కూర్చోవాలి. అంతకుముందు నెలే మా చిన్నాన్నను, సొంత తమ్ముడని కూడా చూడకుండా ఆ చాప మీద కూర్చోబెట్టాడు. ఇక అమ్మను వదులుతాడా?

మరి అంత భయం పెట్టుకుని ఎందుకు వెళ్లిందంటారా... రెండేళ్ల ముందు మొదటి భాగం వచ్చినప్పుడు ఊరంతా చూసింది. శనగ చేలో కలుపు తీస్తూ ఆడవాళ్లు ఒక్కో సీనూ చెప్పుకుని పడీపడీ నవ్వుతుంటే, అమ్మ పక్క సాలులో తల వంచుకుని వింటూ ఉండిపోయింది. రెండో భాగం వచ్చిందనగానే ఇక ఆగలేకపోయింది, పాపం.

తీరా చూస్తే అందులో ఏమీ లేదు... అదే మామ, అదే అల్లుడు, అవే తిట్లు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అమ్మ ఒకచోట నవ్వబోయి, ఎవరూ నవ్వడం లేదని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత పాపం మూటగట్టుకుని వచ్చింది దీనికా అని నాకు ఏడుపొచ్చింది.

ఇంటర్వెల్లో లైట్లు వేయగానే వెనక నుంచి ఓ గొంతు.

"ఏం వదినా, నువ్వు గూడా వచ్చినావా!"

ఎదురింటి సుంకమ్మత్త. వాళ్లు హిందువులు, వాళ్లకు ఈ కట్టడులేవీ లేవు. అమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని "నీ కాళ్లు మొక్కుతా, మా ఇంటాయన చెవిన పడనీయొద్దు" అంది. సుంకమ్మత్త తలైతే ఊపింది గానీ, ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు.

మర్నాడంతా నాకు నరకమే. బళ్లో పిల్లలు, బోరింగు దగ్గర ఆడవాళ్లు, టీ బంకు దగ్గర మగవాళ్లు... అందరిదీ ఒకటే మాట. "మొదటిది శానా బాగుండె, దీంట్లో యాముండాదప్పా?" అవునంటే చూసినట్టే కదా... నోరు కుట్టేసుకుని తిరిగాను.

సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. నాయన వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. చేట కోసం వచ్చిన సుంకమ్మత్త అరుగు మీద చతికిలబడి సినిమా సంగతి ఎత్తుకుంది.

"మొదటి దాంట్లో మామ బాయిలో పడతాడు సూడు... అట్లాంటిది ఒక్కటన్నా ఉండాదా దీంట్లో? ఏం వదినా, నువ్వే చెప్పు!"

రొట్టె తడుతున్న చప్పుడు ఆగిపోయింది. అయిపోయింది, ఇక అమ్మ పని అయిపోయింది అనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"బాయిలో కాదు సుంకమ్మా, గాదెలో. జొన్నల గాదెలో పడి తుమ్ముకుంటా లేస్తాడు గదా..."

ఆ గొంతు నాయనది!

పెనం మీద రొట్టె మాడిపోతోంది. నాయన తలెత్తకుండా పగ్గం పేనుతూనే ఉన్నాడు. సుంకమ్మత్త చేట తీసుకుని మెల్లగా జారుకుంది. అమ్మ ఒక్క మాట అడగలేదు... ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఆ వారమంతా ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆదివారం వచ్చింది. పేర్లు చదవడానికి నాయన లేచి పాస్టరు అయ్యగారి పక్కన నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తియ్యలేదు.

"నా తమ్మున్ని ఆ చాప మీద కూర్చోబెట్టినోన్ని... నేను గూడా సినిమా చూసినా అయ్యగారూ. మొదటి భాగం" అని చెప్పి, పోయి వెనక చాప మీద కూర్చున్నాడు. అమ్మ పేరు ఎత్తలేదు.

బతికిపోయాం అనుకునేలోగా అమ్మ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను... వద్దమ్మా, వద్దమ్మా అని. ఆమె నా చెయ్యి విడిపించుకుంది.

"నేను గూడా చూసినా అయ్యగారూ... రెండోది."

ఆ చాప మీదే ఇంకో చివర కూర్చుంది. మమ్మల్ని సంఘంలోంచే వెళ్లగొడతారేమో, ఊళ్లో మాతో ఎవరూ మాట్లాడరేమో అని ఆరాధన అయ్యేదాకా భయపడుతూనే ఉన్నాను. అయ్యగారు ఇద్దరికీ మూడేసి నెలలు సంస్కారం ఆపారు. నాయన పెద్దరికం పోయింది.

ఇంటికి నడుస్తున్నాం. చాలా దూరం వచ్చాక అమ్మ అడిగింది.

"యాడ చూసినావయ్యా?"

"నంద్యాలలో. విత్తనాలకు పోయినప్పుడు."

"నవ్వొచ్చెనా?"

"శానా నవ్వినా. నవ్వుతా నవ్వుతా పక్కకు తిరిగి చూస్తే... ఎవురో తెలీని మనిషి. నువ్వుంటే బాగుండు అనిపించె."

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏ సినిమాకూ పోలేదు.

మొన్న ఏదో కామెడీ సినిమా రెండో భాగం వచ్చిందట. ఫోన్ తీస్తే చాలు, వందల మంది తిడుతున్నారు... "ఇంటిల్లిపాదీ పోయాం, దండగ" అని, "మొదటిదాని కాలిగోటికి సరిపోదు" అని. ఎవరికీ ఏ భయమూ లేదు. చదువుతుంటే కుళ్లుగా అనిపించింది నాకు... ఇంటిల్లిపాదీ పోయారట! పక్కపక్కనే కూర్చుని విసుక్కున్నారట! కుటుంబమంతా కలిసి చూడాల్సిన ఆ నవ్వుల సినిమాను మా అమ్మానాయనలు చెరో భాగం, ఒకరికి తెలియకుండా ఒకరు చూశారు.

మీరూ చెప్పండి... సినిమా ఎట్లా ఉందో తర్వాత చెబుదురు గానీ, పక్కన ఎవరున్నారో ముందు చెప్పండి.