ఉప్పు తీర్పు

పోతురాజుకి ఒకటే పిచ్చి: ఎవరి పనికి వాళ్లే తీర్పు చెప్పుకోకూడదు.

రేపల్లె దిగువన, సముద్రం ఒడ్డున పడవలు బాగుచేస్తాడు. నీళ్లు కారకుండా చెక్కల సందుల్లో దూది కూరడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ "ఇక కారదు కదా?" అని అడిగితే మాత్రం చెవులు మూసుకుంటాడు.

"దూది కూరింది నేను. కారదని కూడా నేనే చెబితే ఇంకేముందండీ? వేరే ఎవరికైనా చూపించుకోండి."

ఎప్పుడో తెనాలి కోర్టుకి సాక్ష్యానికి వెళ్లొచ్చినప్పుడు పట్టుకుంది ఈ జబ్బు. "చట్టం చేసేవాళ్లు ఒకచోట, పట్టుకొచ్చే పోలీసులు ఒకచోట, తీర్పు చెప్పే జడ్జి ఇంకోచోట! మూడూ ఒకడి చేతిలోనే ఉంటే మనం బతుకుతామా?" అన్నాడు గుమ్మంలోనే.

"ముందు కాళ్లు కడుక్కో," అంది భార్య మంగాయమ్మ.

ఆ చట్టం చివరికి ఆమె వంటింట్లోకే వచ్చింది. ఏం వండాలో చెప్పేది పోతురాజు, వండేది మంగాయమ్మ. కాబట్టి రుచి చెప్పే హక్కు ఇద్దరికీ లేదు. అది పక్కింటి ధనమ్మది. చూపు మసకబారి వలలు కుట్టడం మానేసిన ముసలావిడ. ఆవిడ వచ్చేదాకా చేపల పులుసు చల్లారాల్సిందే.

"ఒక్క ముద్దకి ఏం తెలుద్దత్తా? కడుపు నిండా తిని చెప్పు," అనేవాడు.

ధనమ్మ నింపాదిగా తిని, వేళ్లు నాకి, "ఉప్పెక్కువైంది," అనేది. పదేళ్లుగా అదే తీర్పు. పోతురాజు మొహం వెలిగిపోయేది, మంగాయమ్మ మొహం మాడిపోయేది. కొలిచినట్టు వేసే చెయ్యి ఎక్కడ తప్పుతోందో ఆమెకి అంతుపట్టేది కాదు.

ఒకరోజు బాపట్ల నుంచి పడవ తెచ్చిన విష్ణువర్ధన్ భోజనానికి కూర్చుని ఈ తంతు చూసి నవ్వాడు. "నీ ఉప్పు తినే మనిషి నీకు ఎదురు తీర్పేం చెబుద్దయ్యా?"

ధనమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆవిడ పొయ్యి వెలగకపోవడం మంగాయమ్మ చూసింది. తీర్పు రాలేదని పోతురాజూ తినలేదు.

మూడోరోజు పులుసు గిన్నెతో అతనే వెళ్లి ధనమ్మ గడపలో కూర్చున్నాడు. వెనక అన్నం గిన్నెతో మంగాయమ్మ.

"కోర్టు రాకపోతే కేసే వచ్చిందత్తా."

"పోరా! నీ ఉప్పు తిన్న నోరు ఇది."

"ఆ నోరే కదా, పదేళ్లుగా తిని నా మొహం మీదే ఎక్కువైందంటోంది! ఉప్పు తిన్న విశ్వాసమంటే అదేనత్తా. ఇంకొకళ్లయితే రెండో రోజే బ్రహ్మాండం అనేసేవాళ్లు."

ధనమ్మ కంచం లాక్కుంది. రెండు వాయిలు తిన్నాక చెప్పింది: "ఉప్పెక్కువైంది."

మర్నాడు ఉడుకుతున్న పులుసు మీద ఉప్పు చల్లుతున్న మొగుడి చెయ్యి మంగాయమ్మకి దొరికింది.

"పదేళ్లుగా నువ్వేనా? తీర్పు చెప్పకూడదు గానీ, సాక్ష్యం పుట్టించొచ్చా?"

"అరవకే! ఊరికే పెడితే తినే మనిషా ఆవిడ? తప్పుంటే తీర్పు చెప్పే పనికొచ్చినట్టు. లేకపోతే తిండికొచ్చినట్టు."

ఆ మర్నాడు, అతను వంటింట్లోకి రాకముందే, మంగాయమ్మ తనూ ఓ చిటికెడు ఎక్కువేసింది.

ధనమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇవాళ ఇద్దరూ దోషులే. ముందు మంచినీళ్లు తెండి!"