మేడ మీది ఫొటోలు కిందికి రాని రోజు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: కళ్లతో చూడకుండానే మా ఆవిడ మీద నేరం మోపాను. అక్కడితో ఆగలేదు. ఫోనులో పరాయి మనిషికి కూడా ఆ మాటే చెప్పాను.

అప్పట్లో నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాణ్ణి. అరసవల్లిలో మా ఇంటి మేడ మీద ఒక కంప్యూటరు, కింద గదిలో ఒకటి ఉండేవి. ఫొటోలన్నీ పైదాంట్లో దాచేవాణ్ణి. ఆవిడ కింద కూర్చుని వాటితో ఆల్బం పేజీలు కట్టేది. పెన్‌డ్రైవు వెంట వచ్చిన వైరస్ ఒకసారి ఒక పెళ్లినంతటినీ మింగేసింది. అప్పటినుంచి ఇంట్లో పెన్‌డ్రైవు మాన్పించి, రెండు కంప్యూటర్ల మధ్య తీగ లాగాను. కింద గది గోడకు, నేలకు దగ్గరగా, అరచేయంత నెట్‌వర్క్ పెట్టె. దానికి నాలుగు కన్నాలు, ఒక్కో కన్నానికి ఒక చిన్న దీపం. పైనుంచి వచ్చిన తీగ ఒక కన్నంలో, కింది కంప్యూటరు తీగ ఇంకో కన్నంలో. పైన ఉన్న ఫోల్డరు కింద తెరుచుకునేది. ఆవిడ చదివింది పదో తరగతి. పనంతా నా పక్కన కూర్చుని, నా విసుగు భరిస్తూ నేర్చుకుంది. ఆ ఏడాదే రాజాం స్టూడియో వాళ్లు కూడా ఆమెకు ఆల్బంలు ఇవ్వడం మొదలుపెట్టారు.

దసరా ఆయుధ పూజ మర్నాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె తెర ముందు కదలకుండా కూర్చుని ఉంది. నరసన్నపేట వాళ్ల పెళ్లి ఆల్బం అది. ఏ పేజీలోనూ ఒక్క ఫొటో లేదు. ఫొటో ఉండాల్సిన ప్రతిచోటా బూడిదరంగు గడి.

"ఏటి సేసినావు?" అన్నాను.

"ఏటీ సెయ్యలేదు బావా. తెరిసేసరికి ఇలాగున్నాది."

"సెయ్యకపోతే ఎలాగ పోతాయి? సెరిపీసినావు."

సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి తండ్రి ఫోను చేశాడు, ఆల్బం ఎంతవరకు వచ్చిందని. "మా ఆవిడ ఫొటోలు చెరిపేసిందండీ, చూస్తున్నాను" అనేశాను.

మా ఆవిడ తండ్రి, అంటే మా మేనమామ, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సముద్రం మీద చేపల వేటకు వెళ్లే మనిషి. పండగ మర్నాడని చేపలు తెచ్చాడు. నేనన్నది విన్నాడు. బుట్ట దించి ఒక మూల కూర్చున్నాడు.

"ఈ ఒక్క ఆల్బం ఎలాగోలాగ తేల్సు బావా. తర్వాత నానిది ముట్టను. నరసన్నపేటలో తెలిస్తే రాజాంలో తెలవడానికెంతసేపు? నాకింకెవుడిస్తాడు పని?" అంది ఆమె.

మేడ మీదికి వెళ్లాను. ఫొటోలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. తెర మూల తీగ గుర్తు మీద, తీగ తగలడం లేదని చెప్పే చిన్న ఎర్ర ఇంటూ కూడా ఉంది. అది నా కంట పడినా పట్టించుకోలేదు. కిందికి దిగగానే ఆమెకు తప్పయిపోయిందని చెప్పాల్సింది. అలా చెప్పకుండా, "అయితే నెట్‌వర్కు పాడు సేసినావు" అని మాట మార్చాను.

ఇక మొదలుపెట్టాను. ఫైర్‌వాల్ ఆపాను. షేరింగు తీసేసి మళ్లీ పెట్టాను. వర్క్‌గ్రూపు పేరు మార్చాను. పాస్‌వర్డు అడగవద్దన్నాను. పైకి పరుగెత్తి అక్కడా ఏవేవో మార్చాను. ఎన్ని మార్చినా తెర మీద ఒకటే మాట, దారి దొరకలేదని. నేను మెట్లెక్కి దిగుతున్నంతసేపూ ఆమె గోడవారగా ఏదో రాసుకుంటూ ఉంది. ఏడుపు దాచుకోవడానికి తల దించుకుందనుకున్నాను.

చివరికి మామే నోరు విప్పాడు.

"ఒరే అల్లుడూ, మా పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయినప్పుడు అన్నీ ఒకేపాలి ఇప్పం. ఒకటి ఇప్పుతాం. సూస్తాం. దాన్నక్కడే ఎట్టీసి అప్పుడింకోటి ఇప్పుతాం."

"ఇది ఇంజను కాదు మావా."

"కాదులే. అక్కడ తిట్టడానికి పెళ్లాం కూడా దొరకదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె వచ్చి "లెగు బావా" అంది. కంప్యూటరు వైపు చూడనే లేదు. పెట్టె ముందు నేల మీద కూర్చుంది.

"ఈ దీపాలు సూడు. మన తీగలు రెండు. ఒకటే ఎలుగుతున్నాది."

పైనుంచి వచ్చిన తీగ రెండో కన్నంలోంచి ఊడదీసి మూడో కన్నంలో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. మళ్లీ రెండో కన్నంలో పెట్టింది. ఆరిపోయింది. ఇంకోసారి మూడోదాంట్లో పెట్టింది. వెలిగింది.

"తీగ మంచిదే. ఈ కన్నానికే ఏదో అయినాది."

మామ తన ఫోను లైటు వేసి లోపలికి చూశాడు, నవ్వడం మొదలుపెట్టాడు. రెండో కన్నం నిండా ఎండిన పసుపు, దాని మీద కుంకుమ. ముందురోజు తలస్నానం చేసి, తీగలన్నీ పీకి, కెమెరాకీ, ప్రింటరుకీ, ఆ పెట్టెకీ తడి పసుపు పూసి బొట్లు పెట్టింది నేనే. పూజలో ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు కూడా.

"పడవకి మేమూ బొట్టెడతాం రా. ముక్కుకి ఎడతాం. ఇంజను నోట్లో కుక్కం" అన్నాడు మామ.

దీపం వెలిగినా ఫోల్డరు తెరుచుకోలేదు. కారణం నాకు తెలుసు. అంతసేపూ నేను మార్చిన వాటిలో ఏదో అడ్డం పడుతోంది. ఏవేవి మార్చానో నాకు గుర్తులేదు. ఆమె ఒక పాత శుభలేఖ వెనక్కి తిప్పి చూపించింది. నేను మార్చినవన్నీ వరసగా ఉన్నాయి, పైన చేసినవి వేరుగా, కింద చేసినవి వేరుగా.

"పైకెల్లినప్పుడల్లా అరుస్తానే ఉన్నావు గదా ఏటి మారుస్తన్నావో. రాసినాను."

అడుగునుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి మార్చుకుంటూ వచ్చాం. ఒకటి మార్చడం, చూడడం, ఆ గీత కొట్టెయ్యడం. కాగితంలో పైనుంచి మూడో గీత కొట్టేశాక ఫోల్డరు తెరుచుకుంది.

బూడిదరంగు గడులు నిండసాగాయి. గోరింటాకు చేతులు. తలంబ్రాల పళ్లెం. పందిట్లో నిద్రపోతున్న ముసలమ్మ. మామ లేచి తెర దగ్గరికి వచ్చాడు.

"ఈలంతా మేడ మీదున్నోలేనా? గోడలోంచి దిగుతన్నారా?"

ఆ తీగ లాగింది నేనే. అయినా ఆయన పక్కన చేరి నేనూ కొత్తగా చూశాను. ఒక ఊరి పెళ్లికి పెళ్లి, చప్పుడు లేకుండా, చిటికెన వేలిలో సగం మందం కూడా లేని తీగలోంచి మా ఇంట్లోకి దిగుతోంది. రోజూ దిగేదే. నేను ఒక్కరోజు కూడా ఆగి చూడలేదు. అంతకంటే నన్ను నిలవేసింది ఆ శుభలేఖ. నేను ఆమెను తిడుతున్న సమయంలోనే, నా తిట్ల మధ్య నుంచి పనికొచ్చే మాటలు ఏరి రాసుకుంది. అక్షరాలు ఎక్కడా వణకలేదు. ఆ స్థిమితం ఆమెలో ఉందని, పక్కనే ఇన్నేళ్లు కూర్చుని నాకు తెలియలేదు.

మామ ముందే తప్పయిందని చెప్పాను. ఆమె "సర్లే" అంది. కానీ నేను ఫోనులో అన్న మాట నరసన్నపేటలో అలాగే ఉంది. మళ్లీ ఫోను చేస్తే చాలదనిపించింది. భోజనాలయ్యాక ఆమెను తీసుకుని బస్సెక్కాను.

పెళ్లివారింట్లో దసరాకు వచ్చిన చుట్టాలు ఇంకా ఉన్నారు. వాళ్లందరి ముందూ నిలబడి చెప్పాను. "ఫొటోలు పోలేదండీ. ఈమె ఏదీ చెరపలేదు. పూజ చేస్తూ పెట్టెలో పసుపు కూరింది నేను. తప్పు ఈమె మీద వేశాను. ఆల్బం కట్టేదీ, ఇవాళ దాన్ని బతికించిందీ ఈమే."

"ఈ మాత్రానికి బస్సెక్కి వచ్చినారేటి బాబూ? ఫోను సేస్తే సరిపోయేది గదా" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"అన్నది మీ ఒక్కరితో. మీరు ఇంకెంతమందితో అన్నారో తెలియదు కదండీ."

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి, అన్నానని తలూపాడు. తర్వాత కుర్చీ లాగి ఆమెకు వేశాడు. "మా యమ్మ పందిట్లో పడుకున్నాది, ఆ ఫొటో ఏ పేజీలో ఎడతావమ్మా?" అని అడిగాడు. అంతవరకు ఆల్బం సంగతులన్నీ నన్నే అడిగేవాడు. ఆమె నా వైపు చూసింది. నేను బయట అరుగు మీదికి వెళ్లి, వాళ్ల మాటలు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.