నైజెల్ రెండు మాటలు మాట్లాడాడు

ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో తలుపు బందులు, గడియలు టోకుగా అమ్మే ఒక ఆఫీసులో డోరీన్ ఎంట్‌విజిల్ పంతొమ్మిదేళ్ళుగా ఆర్డర్లు రాసుకుంటోంది. ఆమె మేనేజర్ నైజెల్ క్రాంప్టన్‌కి తాను హాస్యప్రియుడినని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆఫీసులో ఇంకెవరికీ లేదు.

ఆ ఏడాది సోమవారం సాయంత్రాలు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. అందులోనూ ఒక ఆఫీసు, ఒక మేనేజరు. అతను జోకు వేస్తాడు, ఎవరూ నవ్వరు, అతను దాన్ని మళ్ళీ వివరిస్తాడు. డోరీన్ భర్త వాల్టర్, బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, అది చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"రోజూ ఎనిమిది గంటలు చూసొస్తున్నా దీన్ని. మళ్ళీ ఇంట్లో కూడానా?" అనేది డోరీన్.

"అక్కడ నవ్వితే ఉద్యోగం పోతుంది కదే పిచ్చిదానా! ఇక్కడ నవ్వుకో," అనేవాడు వాల్టర్.

మంగళవారం పొద్దున నైజెల్ ఆ సీరియల్ కబుర్లతోనే ఆఫీసులోకి వచ్చేవాడు. "అలాంటివాడి కింద పనిచేసేవాళ్ళు ఎలా బతుకుతారో పాపం! అచ్చం మా బావమరిదే అనుకోండి." ఆఫీసులోని ఏడుగురూ ఒక్కసారిగా కంప్యూటర్లలోకి తలలు దూర్చేవారు.

ఫిబ్రవరిలో వాల్టర్ కూరమడిలో ఉల్లికాడలు పీకుతూ గుండె ఆగి పోయాడు.

రెండు వారాల తర్వాత డోరీన్ పనిలోకి వచ్చింది. అందరూ ఆసుపత్రిలో ఉన్నట్టు గుసగుసలాడుతున్నారు. పక్క సీటు జాకీ జాలిగా తల ఒక పక్కకు వంచి, గంటకోసారి టీ తెచ్చిపెడుతోంది. వాల్టర్ పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. పదకొండయ్యేసరికి డోరీన్‌కి ఊపిరాడలేదు.

అప్పుడు నైజెల్ ఏదో రాసుకున్న చిన్న అట్టముక్కతో బయటికొచ్చి అందరినీ పిలిచాడు. జాకీ కళ్ళు మూసుకుంది.

"రెండు మాటలు చెబుతా," అన్నాడు. "వాల్టర్ ముప్పయ్యేళ్ళు బస్సు నడిపాడు. ఇప్పుడు దిగిపోయాడు. మనమందరం ఇంకా అదే బస్సులో ఉన్నాం. డోరీన్ దిగేది తర్వాతి స్టాపులోనే... కాదు కాదు, వెంటనే అని కాదు. చాలా స్టాపులున్నాయి. అసలు బస్సే వద్దు, వదిలేయండి." అట్టముక్క తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. జేబులోంచి ఒక పొట్లం తీశాడు. "స్టాకులోదే. తలుపు గొలుసు. ఇక ఒంటరిగా ఉంటావు కదా, డోరీన్."

ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు.

డోరీన్ గొలుసును చూసింది, నైజెల్‌ను చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు. బల్ల మీద వాలిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. ఏడుస్తోందనుకుని జాకీ కాగితపు రుమాళ్ళు తెచ్చింది.

"వాల్టర్ ఉండి ఇది వింటే, కుర్చీలోంచి పడిపోయేవాడే!" అంది డోరీన్. ఆ పేరు ఆమె నోట వచ్చాక మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చింది. ఒకసారి తను దిగాల్సిన స్టాపు వాల్టర్ దాటించేసి, సారీ చెబుతూ బస్సు అక్కడిదాకా వెనక్కి నడిపాడని జాకీ చెప్పింది. మధ్యాహ్నం దాకా అవే కబుర్లు.

"చూశారా, జోకంటే అలా ఉండాలి," అన్నాడు నైజెల్.

శనివారం గొలుసు బిగించడానికి తనే డోరీన్ ఇంటికి వచ్చాడు. మొదటి చిల్లు తప్పు చోట పెట్టాడు. రెండోదీ అంతే. మూడోసారి కుదిరింది గానీ, అప్పటికి తలుపు మీద నాలుగు చిల్లులున్నాయి. నాలుగోది ఎలా వచ్చిందో అతనికీ తెలియలేదు.

టీ తాగుతూ సీరియల్లో మేనేజరు గురించి చాలాసేపు చెప్పాడు. అలాంటి మనిషికి తన గురించి తనకు ఎందుకు తెలియదో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదన్నాడు.

"నాకూ అంతుపట్టదు నైజెల్ గారూ," అంది డోరీన్. అతని కప్పు ఖాళీ అవడం చూసి కెటిల్ మళ్ళీ పెట్టింది.