ఒక గంగారాం, ఐదు మంచాలు

2022 వేసవిలో నేను కువైట్‌లో ఒక నిర్మాణ సంస్థకు అనువాదకుణ్ణి. ఆఫీసు మిర్కాబ్‌లో, కార్మికుల క్యాంపు ఫర్వానియాలో. ఎవరిమీదైనా ఫిర్యాదు వస్తే క్యాంపులోనే విచారణ కమిటీ కూర్చుంటుంది. ఒక ఇంజనీరు అధ్యక్షుడు, సేఫ్టీ అధికారి సభ్యుడు. కార్మికుల తెలుగును ఇంగ్లీషులో పెట్టడం నా పని. అనువాదకుడికి ఉన్నది ఒకటే నియమం: చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, ఒక్క ముక్క కలపకూడదు, తీయకూడదు. అంటే అబద్ధాన్ని కూడా నిజాయితీగానే అనువదించాలి. ఇతరుల అబద్ధాలు నా నోటితో చెప్పి, జీతం తీసుకుని, గౌరవంగా రిటైరయ్యాను.

ఆ ఏడాది బక్రీదుకని మేనేజరు గారు ఒక పొట్టేలును కొని క్యాంపు వెనక దొడ్లో ఉంచారు. దానికి మేత వేసే పని గంగారాంది. జగిత్యాల నుంచి వచ్చి ఏడాది కూడా కాని హెల్పరు. ఒక శుక్రవారం మధ్యాహ్నం దొడ్డి గేటు తెరుచుకుంది. పొట్టేలు బయటికొచ్చి, మేనేజరు గారి కొత్త కారు తలుపులో మరో పొట్టేలును చూసి, దాన్ని చిత్తుచిత్తుగా ఓడించింది. నీలం బట్టల మనిషి గేటు తీయడం చూశానని వాచ్‌మన్ చెప్పాడు. క్యాంపులో అతను తప్ప అందరూ వేసుకునేది నీలం బట్టలే. మేత వేసేవాడి మీదే నింద కూడా వేశారు. రుజువైతే గంగారాం ఇఖామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, రద్దు; ఇంటికి టికెట్టు.

"రూముల పండుకున్న సార్. పొద్దుగాల మేతేసినంక మల్ల గా పొట్టేలు మొకం సూడలే," అన్నాడు గంగారాం.

సాక్షుల్ని కూడగట్టింది అదే రూములో ఉండే మేస్త్రీ నర్సయ్య, నిజామాబాద్ మనిషి. విచారణకు ముందు వరండాలో టీ తాగుతుంటే అతని మాటలు నా చెవిన పడ్డాయి. ఆ రూమువాడే అయిన రాజోలు తాపీపనివాడు యేసురత్నాన్ని నిలదీస్తున్నాడు.

"ఓ యేసన్నా, ఆడు పండుకున్నది సూశిన అని ఒక్క మాట జెప్పరాదే!"

"నేను చూల్లేదెహె. అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదని బైబిల్లో తొమ్మిదో ఆజ్ఞ."

"గది పక్కోని మీద జెప్పొద్దని గదనే? మనం పక్కోని కోసం జెప్తున్నం. దేవునికి గా మాత్రం ఎర్కలేదా?"

"మీదన్నా, కోసమన్నా, అబద్ధం అబద్ధమే."

నర్సయ్యతో కలిపి ఐదుగురు వరసగా వాంగ్మూలం ఇచ్చారు. గంగారాం తన పైమంచం మీద పడుకున్నాడని నర్సయ్య. కాదు, తన కింది మంచం మీదని రెండోవాడు. తానే దుప్పటి కప్పానని మూడోవాడు, గురక భరించలేక ముక్కు మూశానని నాలుగోవాడు. ఐదోవాడు అందర్నీ మించి, గంగారాం నిద్రపోతున్నంతసేపూ ఇద్దరం కబుర్లు చెప్పుకున్నామన్నాడు. అన్నీ అక్షరం పొల్లుపోకుండా అనువదించాను. అధ్యక్షుడు ఈజిప్టు ఇంజనీరు కావడంతో గది ప్లాను గీసి, గంగారాం పడుకున్నాడని ఒక్కొక్కరు చూపిన మంచం మీదల్లా గుర్తు పెట్టాడు. ఐదు మంచాలు నిండాయి. మీ దేశంలో గంగారాంలు ఎంతమంది అని నన్నడిగాడు. అనువాదకుడు జవాబులు చెప్పకూడదన్నాను.

చివర యేసురత్నం వచ్చాడు.

"ఆయ్, గంగారాం పడుకోవడం నేను చూల్లేదండి. ఆళ్ళంతా బజారుకెళ్ళిపోయారండి. లోపలెవరూ లేరనుకుని పదింటికే బయట తాళం ఏసేసి ప్రార్థనకెళ్ళానండి. సాయంత్రం వచ్చి తీస్తే, లోపల్నించి నన్ను బండబూతులు తిట్టాడండి."

సేఫ్టీ అధికారి కలం కింద పెట్టాడు. మనిషి లోపలుండగా బయట తాళం వేయడం, నిప్పంటుకుంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి, క్యాంపులో అన్నిటికన్నా పెద్ద తప్పు. తాళం అన్న ఒక్క మాట మింగేద్దామనిపించింది నాకు. మింగితే యేసురత్నం బతుకుతాడు, గంగారాం మునుగుతాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తాళం సంగతి ముందే ఎందుకు చెప్పలేదని గంగారాంను అడిగారు. "అన్న నౌకరి పోతదని సార్," అన్నాడు.

మరి ఈ ఐదుగురూ లోపలికి ఎలా వెళ్ళారని నర్సయ్యను అడిగారు. "మనుషులం బయటనే ఉన్నం సార్. మనసులు లోపల్నే ఉండె," అన్నాడు. అదీ అనువదించాను.

గంగారాం తాళం వెనక ఉంటే గేటు తీసిందెవరు? కమిటీ దొడ్డికి కదిలింది. వాచ్‌మన్ గేటుకు గడియ పెట్టి చూపించాడు. మేం చూస్తుండగానే పొట్టేలు కొమ్ముతో గడియ పైకెత్తి, గేటు నెట్టుకుని మా మీదికొచ్చింది. దగ్గర్లో ఎత్తుగా ఉన్నది మేనేజరు గారి సొట్ట కారే. అధ్యక్షుడు దాని టాపు మీద, సేఫ్టీ అధికారి డిక్కీ మీద, నేను బానెట్టు మీద. వాచ్‌మన్ గేటు పక్కనున్న నీలం నీళ్ళ డ్రమ్ము ఎక్కి, ఆ రోజు చప్పుడుకు మెలకువొచ్చినప్పుడు కనబడిన నీలం ఇదే కావచ్చని ఒప్పుకున్నాడు. తీర్పు కారు టాపు మీంచే వెలువడింది: "గంగారాం కేసు ఖలాస్."

గంగారాం ఇఖామా రెన్యువల్ అయింది. యేసురత్నం ఉద్యోగం నిలిచింది కానీ, రాతపూర్వకంగా హెచ్చరిక అందింది. ఆ వారమే రూముల బయటి గొళ్ళేలన్నీ ఊడబీకించారు. ఐదుగురికి ఏ శిక్షా పడలేదు. స్నేహం కొద్దీ చెప్పిన అబద్ధానికి మా నిబంధనల్లో సెక్షను లేదు.

సాక్షి అన్న మాటలోనే అక్షి ఉంది, అంటే కన్ను. ఆ తర్వాత అధ్యక్షుడి అనుమతితో, ప్రతి విచారణకు ముందు సాక్షులకు ఒక మాట చెప్పేవాణ్ణి: చూడకపోతే చూడలేదని చెప్పండి, అదీ సాక్ష్యమే. గంగారాంను చూశామన్న ఐదుగురూ అతన్ని దాదాపు విమానం ఎక్కించారు. ఆపింది చూడలేదన్నవాడు.