గోనెసంచుల కింది మోటారు సైకిలు

పోయిన నెల మా తమ్ముడు మా సొంతూరు రాకిరాకి నుంచి ఫోను చేసి, పాత రేకుల షెడ్డు విప్పేస్తున్నామనీ, అందులో నాన్న మోటారు సైకిలు అలాగే ఉందనీ, పాత ఇనుము కొనేవాడు లారీతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడనీ చెప్పినప్పుడు నేను ఫిజీ రాజధాని సూవా పక్కన వాలేలేవు మార్కెట్లో దాలో అనే చేమదుంపలు ఏరుకుంటున్నాను. దుంప చేతిలో ఉండగానే, వాణ్ణి పంపించెయ్యి, బండిని నాకు పంపించు అన్నాను. నాలుగు రోజుల తర్వాత కూరగాయల లారీలో, వంకాయ బస్తాల పక్కన తాళ్ళతో కట్టించుకుని అది మా ఇంటికి వచ్చింది. చక్రాలు తిరగవు, ట్యాంకు మీద ఒకప్పటి ఆకుపచ్చ రంగు గోటితో గీకితే తప్ప కనబడదు.

జూన్ వచ్చింది, ఇక్కడ మాకు చలికాలం. సూవా వైపు వాన ఎప్పుడూ పూర్తిగా పోదు గానీ, పొద్దున్నే స్వెట్టరు వెతుక్కునే ఈ రెండు మూడు నెలలే ఇనుముతో పని చెయ్యడానికి మంచి రోజులు. రంగు ఆరుతుంది, శుభ్రం చేసిన చోట మర్నాటికే తుప్పు రాదు. బడిపిల్లల నోటు పుస్తకం ఒకటి కొని, ఏది ముందు విప్పాలి, ఏది విప్పే ముందు ఫొటో తీయించాలి, ఏ సామాను ఇక్కడ దొరకదు అని రాసుకుంటున్నాను. బ్యాంకులో పనిచేసే మా అమ్మాయి ఆ పుస్తకం చూసి, "మమ్మీ, ఈ ఉమర్ మే తుమ్ బైక్ బనాయేగా?" అని నవ్వింది. ఈ వయసులోనే కాదు, ఇరవై నాలుగో ఏట కూడా ఈ బండినే బాగుచేశానని దానికి ఇన్నేళ్ళలో నేను చెప్పనే లేదు. అప్పుడు దానికి చెప్పింది ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అప్పటికి ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళయింది. జెండా కొత్తది, నా తెల్ల యూనిఫారం కొత్తది. నర్సింగు చదువు ముగించి, సూవాలో రెండేళ్ళు వార్డుల్లో చేసి, రాకిరాకికీ తవువాకీ మధ్యనున్న ఊళ్ళకు తిరిగే నర్సుగా మా ఊరికే తిరిగి వచ్చాను. తిరగడం అంటే బస్సు. బస్సు పోని చోటికి నడక. ఒక మధ్యాహ్నం కొండ మీది చెరుకు తోటల నుంచి కాన్పు కబురు వస్తే, బస్సు కోసం గంటన్నర నిలబడి, దిగి, సంచి భుజాన వేసుకుని ఎర్రమట్టి దారిలో పైకి నడిచి వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. బిడ్డ బాగానే ఉంది. తల్లి మాత్రం చాప మీద, రక్తం పోయి, గోడకు కొట్టిన సున్నంలా తెల్లబడి ఉంది. పొత్తికడుపు నొక్కి పట్టుకుని, సూది ఇచ్చి, చెరుకు లారీ వెనక పడుకోబెట్టి దారి పొడుగునా ఆవిడ చెయ్యి వదలకుండా కిందికి తీసుకొచ్చాను. బతికింది. లారీ ఎక్కేటప్పుడు ఆవిడ అత్తగారు నాతో "దేర్ హోయ్ గయ్, సిస్టర్" అంది. ఆలస్యమైందన్న ఆ మాటలో నింద లేదు, అందుకే మరీ గుచ్చుకుంది.

ఈ సంగతి తెలిసి మా పెద్ద నర్సు నన్ను పిలిచి, తప్పు నీది కాదు, కానీ ఆ కొండ ఊళ్ళు బండి ఉన్న మగ నర్సుకు ఇచ్చేస్తాం, ఆగస్టు చివరి నుంచి నువ్వు వార్డులో ఉండు అంది. ఆవిడ దయగానే చెప్పింది. కానీ ఆ ఊళ్ళ ఆడవాళ్ళు మగవాడి ముందు రవిక గుండీ కూడా విప్పరని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. బండి నాకే ఉంటే అని అడిగాను. ఉంటే వేరే మాట అంది, ఉండదన్న నమ్మకంతో.

మా ఇంట్లో బండి ఉంది. షెడ్డులో గోనెసంచుల కింద, పదహారేళ్ళుగా ఎవరూ ముట్టని బండి. నేను బడికి పోయే వయసులో నాన్న అమ్మను దాని మీద ఎక్కించుకుని తవువాలో పెళ్ళికి బయలుదేరి, వాగు దాటే చోట జారి పడిపోయారు. అమ్మ ఎడమ కాలు విరిగి, అతుక్కున్నాక కాస్త పొట్టిదైపోయింది. నాన్న బండిని నడిపించుకుని ఇంటికి తెచ్చి, గోనెలు కప్పి, మళ్ళీ దాని వైపు చూడలేదు. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అమ్మ నడుస్తుంటే నాన్న తల వంచుకునేవాడు, అంతే.

చక్కెర మిల్లులో ఫిట్టరుగా నాన్న ఆ ఏడే రిటైరయ్యాడు. చెరుకు ఆడే కాలం మొదలై పొద్దున మిల్లు కూత వినబడగానే ఆయన లేచి, మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక వరండాలో కూర్చునేవాడు. అలా కూర్చున్న ఒక పొద్దున నేను టీ ఇచ్చి బండి సంగతి అడిగాను. ఆయన టీ సగంలో వదిలేసి చెరుకు తోట వైపు వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు అమ్మ కుంటుకుంటూ షెడ్డులోకి వెళ్ళి, ఒక్కొక్క గోనె లాగి బయట పడేసింది. దుమ్ముకు దగ్గుతూనే నాన్నను పిలిచింది. వాళ్ళిద్దరూ తమలో తాము తెలుగే మాట్లాడుకునేవారు. మాతో మాత్రం, బడిలో వెనకబడతామేమోనని, హిందీ. అందుకని ఆవిడ తెలుగులో అన్న మాటలు నాకు అప్పుడు సగమే అర్థమైనా, ఇప్పటికీ ఒక్కటీ మరిచిపోలేదు.

"ఆ దినం తొందర పెట్టింది నేనే. పెండ్లికి దేర్ అవుతాదని, వాగు దిగి నడవొద్దు, ఎక్కించుకునే పో అని నేనే అన్నా. నీకు యాదిలేదా?"

నాన్న గుర్తుంది అన్నాడు.

"మరి ఇన్నేండ్లు నీ తలకాయ మీద ఎందుకు ఏసుకున్నావు?"

నాన్న బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. నా వైపు చూసి, కిరసనాయిలు డబ్బా తెమ్మన్నాడు.

ఇంజను పట్టేసింది. పిస్టను కదలదు. స్పార్కు ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి కిరసనాయిలూ కొబ్బరినూనే కలిపి పోసి, రోజూ పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, తొమ్మిది రోజులు పోశాం. నేను ఓపిక పట్టలేక కిక్కు మీద నిలబడబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బేటీ, జోరు చెయ్యొద్దు. ఇరిగితే మల్లీ దొరకదు" అనేవాడు. పదో రోజు ఆయన అరచేత్తో కిక్కును అలా నొక్కితే, బరువుగా, నూనెలో మునిగిన శబ్దంతో అది దిగింది. ఆయన మొహంలో అంత వెలుగు నేను మిల్లు రోజుల్లో కూడా చూడలేదు.

ఆ తర్వాత పని ఆగలేదు. సైలెన్సరులోంచి కందిరీగల మట్టిగూళ్ళు గుప్పెళ్ళకొద్దీ రాలాయి. కార్బురేటరు విప్పి సన్నని రంధ్రాలను చీపురుపుల్లతో పొడిచి శుభ్రం చేశాను. టైర్లు లౌటోకా నుంచి బస్సు నెత్తిన వచ్చాయి. పక్క కోరోలో, అంటే మన పక్క ఫిజియన్ ఊళ్ళో, మిల్లులో నాన్నతో కలిసి పనిచేసిన వడ్రంగి స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు తవాలే అని పిలుచుకునేవారు, మన బావ వరస. ఆయన వేసి అనే గట్టి చెట్టు చెక్కతో, సీసాలు కదలకుండా అరలు పెట్టి, మందుల పెట్టె ఒకటి చేసి తెచ్చాడు. సాయంత్రం పని ఆపాక ఇద్దరూ యంగోనా అనే వేరు పానీయం కలుపుకుని, బండి వైపు తిరిగి కూర్చుని తాగేవారు.

నాకు ఇంకొకటి కూడా దక్కింది ఆ చలికాలంలో. చేతులు పనిలో ఉన్నప్పుడు నాన్న హిందీ మరిచిపోయేవాడు. పట్టుకో, వదులు, ఇంకాస్త తిప్పు, చాలు. తర్వాత వాళ్ళ అమ్మ గురించి, చెరుకు తోటల కూలీగా ఓడ దిగిన వాళ్ళ నాన్న గురించి, అన్నీ తెలుగులోనే. తర్వాత ఒక భజన గురువుగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. కానీ ఈ భాషలో నాతో మొదట ఒక మనిషి మాట్లాడింది ఆ షెడ్డులోనే.

ఆగస్టు రెండో వారంలో బండి లేచింది. నాన్న వాకిట్లో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు గానీ ఎక్కలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చీర కుచ్చెళ్ళు బిగించి, "నేను ఎనక కూచుంటా" అంది. నాన్న వద్దన్నాడు. "నేను కూచోకపోతే నువ్వు మల్లీ గోనె కప్పేస్తావు" అంది అమ్మ. ఆయన ఎక్కాడు, ఆవిడ ఎక్కి ఆయన భుజం పట్టుకుంది. మనిషి నడిచేంత వేగంతో వాగు దాకా వెళ్ళారు. వాగు ఒడ్డున ఇద్దరూ దిగి, నీళ్ళలో బండిని నడిపించుకుని అవతలికి పోయి, మళ్ళీ ఎక్కారు. నేను, తమ్ముడు, తవాలే మామయ్య గేటు దగ్గర నిలబడి చూశాం. తిరిగి వచ్చాక నాన్న ట్యాంకు మీద చెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకోకుండానే నన్ను ఎక్కమన్నాడు.

యూనిఫారం కింద తమ్ముడి ప్యాంటు తొడుక్కుని రెండు వారాల్లో నేర్చుకున్నాను. పిక్కల మీద కిక్కు దెబ్బల మచ్చలు రెండు ఇప్పటికీ ఉన్నాయి. లైసెన్సు ఇచ్చే పోలీసు తవువా మార్కెట్ చుట్టూ మూడుసార్లు తిప్పించి, ఇంకా నమ్మకం కలగక నాలుగోసారి తిప్పించాడు. ఆగస్టు చివర్లో మా పెద్ద నర్సు కిటికీలోంచి బండినీ, పెట్టెనూ, నన్నూ చూసి, నవ్వు దాచుకుని, కాగితం మీద నా పేరే రాసింది. పదకొండేళ్ళు ఆ కొండ ఊళ్ళకు దాని మీదే వెళ్ళాను. పెళ్ళయ్యాక, ఆఖరి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మాత్రం ఆపాను. తర్వాత ప్రభుత్వం వాహనం ఇచ్చింది, మాకు సూవాకు బదిలీ అయింది, బండి షెడ్డులోకి పోయింది.

ఈ కథంతా విన్నాక మా అమ్మాయి నవ్వడం మానేసి, నోటు పుస్తకం తీసుకుని, ఫోనులో వెతికి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు కావలసిన సామాను ఏ దేశంలో దొరుకుతుందో నా జాబితా పక్కనే రాసింది. శనివారాలు తనూ కూర్చుంటానంది. దానికి తెలుగు రాదు. పట్టుకో, వదులు అన్నంత వరకు ఈ చలికాలంలో వస్తుందేమో చూడాలి.

ఆ దారి ఇప్పుడు తారు దారి. వాగు మీద వంతెన ఉంది. కాన్పులకు ముందే ఆసుపత్రికి వచ్చేస్తున్నారు, ఎవరి కోసమూ ఎవరూ రోడ్డు మీద గంటన్నర నిలబడనక్కర్లేదు. ఇదంతా మంచికే, ఆ చాప మీది తల్లిని చూసిన కళ్ళతో నేను వేరే మాట అనలేను. ఒక్కటే అప్పుడప్పుడు గుర్తొస్తుంది. కింద మలుపు దగ్గర నా బండి గేరు మార్చే చప్పుడు కొండ మీదికి నాకంటే ముందే చేరేది, అది వినగానే ఆ ఇంటి ఆడవాళ్ళు పొయ్యి మీద నీళ్ళు పెట్టేవారు. నేను బండి ఆపి, హెల్మెట్ తీసి, గడపలో కాలు పెట్టేసరికి నీళ్ళు కాగుతుండేవి. నేను వస్తున్నానని వాళ్ళకు ఇంకెవరూ చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.