రెండో గడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. నిజమే. అయితే అది అరిచి చల్లారే కోపం కాదు. ఎదుటివాళ్ళ పోరు తప్పించుకోవడానికి అడ్డదారి వెతికే కోపం. అలాంటి అడ్డదారి ఒకటి ఒకామె ఉద్యోగం తీసింది. ఆమె తప్పేమీ లేదన్న సంగతి ఆ గదిలో నా ఒక్కడికే తెలుసని చాలాకాలం అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఆళ్ళగడ్డలో గుడి విగ్రహాలు చెక్కే ఒకాయన ఆఫీసు పని కూడా నాకే వచ్చింది. బయట షెడ్డులో పొద్దంతా ఉలి చప్పుడు, లోపల గదుల్లో మూడు కంప్యూటర్లు. అక్కడ సగం రోగాలకు రాతిపొడే కారణం. మూత విప్పి బ్లోయర్ పెడితే పిండిమరలోలాగా లేచేది. ఇంటికి పోయేసరికి నా తల తెల్లగా ఉండేది.

ఆ ఆఫీసులో అసలు పని ఒకామెది. నాకంటే రెండుమూడేళ్ళు పెద్దది, అక్కా అనేవాణ్ణి. నంద్యాల నుంచే రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాయన ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడట, గీత మీద పట్టు ఆయన దగ్గరే వచ్చిందని చెప్పేది. రంజాన్ నెలలో తప్ప ఆమె టిఫిన్ డబ్బాలోంచి నాకూ ఇంత పెట్టేది. యజమాని వాళ్ళ నాయన పెద్ద శిల్పి. ఆయన పెన్సిలుతో వేసిన బొమ్మల్ని ఈమె కంప్యూటర్లోకి ఎక్కించి, ప్రతి గీతా మళ్ళీ మౌస్‌తో గీసేది. ఒక్క స్తంభానికి పదిహేను రోజులు పట్టేది. ఆ పెద్దాయన వచ్చి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూసి, "పాపా, ఈడ ముక్కు కొంచెం దించు" అని పోయేవాడు. దించేది.

ఆ బొమ్మలన్నీ ఒక్కచోటే ఉండాలని మూలగదిలో ఒక సర్వర్ పెట్టాను. మూడు కంప్యూటర్లనూ దానికి కలిపాను. ఎవరి సిస్టమ్‌లో చూసినా అది తమ సొంత డ్రైవ్ లాగే కనిపించేది. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్. మార్చే హక్కు, తుడిచే హక్కు ఆమె పేరుకు మాత్రమే. యజమానీ ఆయన తమ్ముడూ ఊరికే తెరిచి చూడొచ్చు. ఇంకో గొప్పకు కూడా పోయాను. ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా సర్వర్లో నమోదయ్యేట్టు పెట్టాను. మొదటి గడిలో ఎవరి పేరో, రెండో గడిలో ఏ కంప్యూటరో. నంద్యాలలో ఇలా చేసేవాడు లేడని పదిమందికి చెప్పుకున్నాను కూడా.

నా గొప్ప నెల తిరక్కుండానే నాకు చుట్టుకుంది. ముందుగదిలో కూర్చునే తమ్ముడు వారానికోసారి పాస్‌వర్డ్ మరిచిపోయేవాడు. "ఏందప్పా, మళ్ళీ అడుగుతాండాది. పాడు పెట్టె!" అని ఫోను. ఫోనులో చెబితే అర్థం కాదు. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం బస్సెక్కి, శిరివెళ్ళ దాటి, ఆళ్ళగడ్డలో దిగి, ఆరక్షరాలు కొట్టి తిరిగి రావాలి. నాలుగోసారి పోయినప్పుడు నాకు తిక్క రేగింది. అతని పేరే ఉంచితే, రేపు ఫైలు మార్చడం కుదరట్లేదని మళ్ళీ ఫోను చేస్తాడని, ముందుగది సిస్టమ్‌లో అన్ని హక్కులున్న ఆమె పేరే కొట్టి, పాస్‌వర్డ్ వేయమని ఆమెను పిలిచాను.

ఆమె కీబోర్డు ముట్టుకోలేదు. "నా పేరు మీద ఈయన సిస్టమ్ లోపలికి పోతే, రేప్పొద్దున ఏమన్నా అయితే నన్నే కదప్పా అంటారు?"

"ఏం కాదులే అక్కా. ఒక్కసారి కొట్టు. కింద టిక్కు పెడితే అదే గుర్తుపెట్టుకుంటాది. ఇంక జన్మలో అడగదు."

కొట్టింది. కొట్టేటప్పుడు నేను పక్కకు తిరిగాను, పాస్‌వర్డ్ చూడకూడదు కదా. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. తర్వాత యజమాని సిస్టమ్‌లోనూ అదే పని చేశాం. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. హాయిగా ఉన్నాను.

కొన్ని నెలలకు తమ్ముడి ఫోను మళ్ళీ వచ్చింది. సిస్టమ్ నిండిపోయింది, ఏదీ దాచుకోవడం లేదు అన్నాడు. నేనెక్కడో ఇంకో పనిలో ఉన్నాను. "నీకు అక్కర్లేని పెద్ద ఫోల్డర్లు ఏమన్నా ఉంటే తీసెయ్యన్నా" అని పెట్టేశాను. నా మాట ప్రకారమే చేశాడు. అన్నిటికంటే పెద్దది బొమ్మల ఫోల్డరు. అతని కంటికి అది తన కంప్యూటర్లోదే. పైగా, అలా కలిపిన డ్రైవ్ నుంచి తీసేసినవి చెత్తబుట్టలోకి పోవు. అక్కడికక్కడే పోతాయి.

మర్నాడు నన్ను పిలిపించారు. రోజంతా కూర్చుంటే సగం ఫైళ్ళు వచ్చాయి, అవీ విరిగిపోయి. నేను సీడీల్లోకి ఎక్కించిన కాపీలు చూస్తే ఏడు నెలల కిందటివి. నెలనెలా ఎక్కించాల్సింది, బద్ధకించాను. పెద్దాయన కాగితాలు బీరువాలో ఉన్నాయి గానీ, వాటి మీద ఆమె చేసిన ఏడు నెలల పని పోయింది.

సాయంత్రం యజమాని నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన తమ్ముడు గడపలో. ఆమె నా వెనకాల.

"ఎవురు తీసినారో దాంట్లో ఉంటాదంటివి గదా. చూడు."

తెరిచాను. మొదటి గడిలో ఆమె పేరు. రెండో గడిలో ముందుగది కంప్యూటర్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చదివితే ఏమవుతుందో నాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆమె పేరు ముందుగదిలో ఎందుకుందని అడుగుతారు. తీసెయ్యమని చెప్పిందెవరని అడుగుతారు. సీడీలు ఎందుకు ఎక్కించలేదని అడుగుతారు. మూడింటికీ జవాబు నేనే.

"ఆమె పేరే ఉందన్నా" అన్నాను.

"నేను తీయలేదు సార్" అంది ఆమె. "నా పని నేనే తుడుచుకుంటానా?"

నేను లేచి, బాగానే ఉన్న వైరును ఊడదీసి మళ్ళీ బిగించాను. యజమాని అరవలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు, అంతే. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుని, తెరమీది దుమ్మును తుడిచే గుడ్డను మడిచి కీబోర్డు మీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాతి వారం పోతే పెద్దాయన నన్నడిగాడు, "ఆ పాప యాడబోయెరా?" అని. తెలీదన్నాను.

నాలుగైదేళ్ళు నేను ఆమె ఎదురుపడకుండా చూసుకున్నాను. ఒకరోజు నంద్యాల పాతూరులో పెళ్ళిపత్రికలు వేసే దుకాణం నుంచి, రెండు కంప్యూటర్లు కలపాలని కబురొచ్చింది. లోపలికి పోతే ఆమె. తనదే దుకాణం. వెనక్కు తిరుగుదామా అనుకున్నాను.

"రాప్పా, కూచో" అంది. కొత్త మనిషిని పిలిచినట్టే పిలిచింది.

వైర్లు లాగాను, డ్రైవ్ కలిపాను. పేరు, పాస్‌వర్డ్ అడిగే చోటికి వచ్చేసరికి చేయి అలవాటు కొద్దీ టిక్కు పెట్టేసింది. ఆమె వంగి, మౌస్ నా చేతిలోంచి తీసుకుని, ఆ టిక్కు తీసేసింది. "నా కాడ పనిచేసే ఆమెకు ఆమె పేరు, నాకు నా పేరు. రోజూ కొట్టుకుంటాంలే. చేతులేం అరిగిపోవు."

ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఆ పొద్దు రెండో గడిలో ముందుగది సిస్టమ్ పేరుండె. చూసి కూడా నేను చెప్పల్యా."

"తెల్సప్పా."

"ఎట్లా తెల్సు?" అన్నాను.

"నీ వెనకాలే నిలబడుకోని ఉంటి గదా. నువ్వు మౌస్‌తో గీత పట్టుకోని ఆ గడిని మూసేసినావ్. చూస్తి."

అవును, మూశాను. యజమాని వంగి చూడబోతుంటే, గడి అంచు పట్టుకుని ఎడమకు లాగి, రెండో గడి కనపడకుండా చేశాను. ఇంత రాసి, ఆ ఒక్కటీ ఇక్కడ కూడా దాటేశాను చూడండి.

"మరి నువ్వెందుకు చెప్పల్యా అక్కా?" అన్నాను.

"నేను చెప్తే నమ్ముతారా? సిస్టమ్ తెల్సినోడివి నువ్వు." మౌస్ నా వైపు జరిపింది. "నువ్వే నా వెనకాల వచ్చి నిజం చెప్తావేమోనని, ఆ పొద్దు బస్టాండు దాకా మెల్లగా నడిచినా. రెండు బస్సులు ఇడిసిపెట్టినా."