తెల్లగుడ్డ ముందు పూలు

పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ ఆ స్టూడియో పెద్దాయనకు లోకమంతా భుజాల దాకానే కనబడేది. ముప్పై ఏళ్లకు ఒకరోజు దుకాణం మూసి, భార్యను వెంటబెట్టుకుని బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాడు. ప్రతి పువ్వు వెనకా ఆవిడ చేత తెల్లగుడ్డ పట్టించి క్లిక్‌మనిపించాడు. పక్కకు వాలిన గులాబీని గడ్డం పట్టి లేపినట్టు నిటారుగా నిలబెట్టాడు. నవ్వుతున్న పాలరాతి నర్తకి దగ్గరికొచ్చి, "గడ్డం కాస్త దించమ్మా, నవ్వకూడదు" అన్నాడు.

"అది రాతిబొమ్మండీ!" అంది భార్య.

"అందుకేనే, కళ్లార్పడం లేదు! ఇంత బుద్ధిమంతురాలైన కస్టమర్‌ను నా సర్వీసులో చూళ్లేదు."

ఆవిడ గుడ్డ భుజాన వేసుకుని, జుట్టు సర్దుకుని, నర్తకి పక్కన ఊపిరి బిగబట్టి, కళ్లార్పకుండా నిలబడింది.

పెద్దాయన కెమెరాలోంచి చూసి విసుక్కున్నాడు. "గుడ్డ ఆ అమ్మాయి వెనక పట్టవే, నువ్వు కనబడకూడదు!"